రానివాడి ముక్క

గురువారం సాయంత్రం నాలుగున్నరకి అమ్మ ఫోన్ చేసి, "మాస్టార్ని కాల్చేశారే," అంది. నేను యూనివర్సిటీ లైబ్రరీ మెట్ల మీద ఉన్నాను. కాల్చడం అన్న మాట నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను, పొయ్యి ముందు నిలబడి, పెనం మీద చపాతీ పొంగుతుంటే. అందుకే ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత అమ్మ ఏడుపు వినిపించింది.

ఇండియన్ స్టోర్ పార్కింగ్ లాట్‌లో ఆయన తోస్తున్న కార్ట్ ఒకడి ట్రక్కు తలుపుకి తగిలిందట. వాడు దిగి తిట్టాడట. మాస్టారు సారీ చెప్పి, జేబులోంచి రుమాలు తీసి, ఆ తలుపు తుడవడానికి వంగారట. వాడు మూడు సార్లు కాల్చాడు. ఒక తూటా కార్ట్‌లో ఉన్న గోధుమపిండి సంచిని చీల్చుకుంటూ పోయింది. మర్నాడు నేను వెళ్లి చూశాను. అప్పటికే నీళ్లు కొట్టి కడిగేశారు. అయినా తారు పగుళ్లలో పిండి, రక్తం కలిసి ముద్దై ఎండిపోయి ఉంది. గోటితో గీకాను. రాలేదు.

మేముండేది హ్యూస్టన్ పక్కన, అంతరిక్ష కేంద్రానికి పది నిమిషాల డ్రైవ్. మాస్టారు అక్కడ వ్యోమగాముల తిండి ప్యాక్ చేసే ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఆదివారాలు మా తెలుగు చర్చిలో పిల్లలకి చదవడం, రాయడం నేర్పేవారు. అందరూ ఆయన్ని అంకుల్ అనేవారు. ఏడేళ్లకి ఈ దేశం వచ్చి అక్షరాలన్నీ మర్చిపోయిన నాతో వాటిని మళ్లీ దిద్దించింది ఆయనే కాబట్టి నాకు మాత్రం మాస్టారు.

పన్నెండేళ్లప్పుడు చర్చిలో మొదటిసారి బైబిల్ పాఠం పైకి చదివాను. "రొట్టె విరిచి" అని చదవాల్సిన చోట "రొట్టె విరిసి" అని చదివాను. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. దిగి వస్తుంటే మాస్టారు చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"విరిచేది కొమ్మని. విరిసేది పువ్వు. తేడా తెలిసిందా?"

"తెలిసింది మాస్టారూ. సారీ."

"సారీ దేనికి? ఇప్పుడు జరుగుతోంది అని చెప్పాలనుకో, రెండింటికీ ఒకటే మాట. విరుస్తోంది. విరగ్గొడుతోందో, వికసిస్తోందో, పాపం ఆ మాటకే తెలీదు."

నాకు తెలుగు పిచ్చి పట్టింది ఆ రోజే.

మా చర్చిలో నెలకో ఆదివారం ప్రభు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన అది. పెళుసుగా విరిగే ఆ రొట్టెలు ఎప్పుడూ మాస్టారే చేసేవారు. పిండి ముద్దని ఎత్తి బల్లకేసి కొట్టేవారు, పిడికిలితో గుద్దేవారు. చూసేవాళ్లకి ఎవరి మీదో కక్ష తీర్చుకుంటున్నట్టుండేది. "కొట్టకపోతే కలిసుండదు అమ్మడూ, పొడై రాలిపోతుంది," అనేవారు.

రొట్టె పంచే ముందు ఆయన లేచి అడిగేవారు: "ఎవరికైనా ఎవరితోనైనా గొడవుందా?" ఉంటే ఇద్దరూ బయట కారిడార్‌లోకి వెళ్లి తేల్చుకుని రావాలి. ఒకసారి మా అమ్మ, పక్కింటి ఆంటీ అలా వెళ్లి పావుగంట రాలేదు. లోపలికి అరుపులు వినిపిస్తూనే ఉన్నాయి. మాస్టారు గడియారం చూసి, "ఇవాళ కాస్త పెద్ద పాపమే," అన్నారు. చర్చంతా నవ్వు. ఇక ప్లేట్‌లో ముక్కలు ఎప్పుడూ లెక్క కంటే ఒకటి ఎక్కువుండేది. అదెవరికని అడిగితే, "రానివాడికి," అనేవారు. ఇంకేమీ చెప్పేవారు కాదు.

మేము అద్దెకి వాడుకునే ఆ హాల్లోనే పొద్దున పూట అమెరికన్ల ఆరాధన జరుగుతుంది. అందులో ఒకావిడ వ్యోమగామి. పోయినేడాది ఆవిడ మాస్టారి దగ్గరికి వచ్చి, తను ఆరు నెలలు పైన ఉండబోతున్నానని, అక్కడ బల్ల తీసుకోవడానికి రొట్టె కావాలని అడిగింది. మామూలు రొట్టె పనికిరాదు. విరిస్తే పొడి రాలుతుంది. అక్కడ రాలిన పొడి కింద పడదు, గాల్లో తిరుగుతుంది, కంట్లో గుచ్చుకుంటుంది, యంత్రాల్లో దూరుతుంది. మాస్టారు తన చపాతీ ఒకటి ఆవిడ చేతిలో పెట్టారు.

మా సంఘపెద్ద ఒకాయన ఒప్పుకోలేదు. "ఏవండీ, విరిచి ఇచ్చాడని కదా మనం చదివేది? తుంచి అని లేదే. తుంచుకు తింటే అది టిఫిన్ అవుతుంది గానీ బల్ల ఎలా అవుతుంది?"

మాస్టారు బల్ల మీద గుద్దారు. గ్లాసులు ఎగిరాయి.

"విరవడం ఏమిటో నాకు చెప్పకండి. నాకు ఇరవై ఒకటో ఏట మా తమ్ముడు నా సైకిల్ అడక్కుండా తీసుకెళ్లి రిమ్ము వంచుకొచ్చాడు. క్రికెట్ స్టంపుతో కొట్టాను. మోచెయ్యి విరిగింది. ఎండు కట్టె విరిగిన చప్పుడు. వాడు అరవలేదు, నా మొహం చూశాడు. నేను ఆగలేదు, ఇంకో దెబ్బ వేశాను. తొమ్మిదేళ్లు మాటల్లేవు. చివరికి వెళ్లి గుమ్మంలో నిలబడితే, ఆ వంకర చేత్తోనే నాకు అన్నం వడ్డించాడు."

ఆయనే గొంతు తగ్గించి అన్నారు: "ప్రభువు ఎముక ఒక్కటీ విరగలేదు. ఆయన ఒళ్లు చిరిగింది. కొరడాకి, ముళ్లకి, మేకులకి చిరిగింది. చపాతీ తుంచి చూడండి. సాగి, సాగి, తెగనంటూ తెగుతుంది. నాకు అదే నిజంగా కనబడుతుంది."

సంఘపెద్ద ఒక చపాతీ అందుకుని తుంచి చూశారు. "సరే. నెయ్యి మాత్రం రాయకండి," అన్నారు.

మాస్టారి పాత ల్యాబ్‌వాళ్లు ఆ చపాతీని పరీక్షించి, గాలి తీసి సీల్ చేశారు. రసం స్ట్రా ఉన్న సంచిలో. ప్యాకెట్టులో ముక్కలు రెండు. రెండోదాన్ని మాస్టారే నాలుగు మడతలు పెట్టారు.

"ఒక్కావిడకి రెండెందుకు మాస్టారూ?"

"పైన మాత్రం రానివాడు ఉండడా?"

ప్రయోగం రోజు చర్చి హాల్లో పెద్ద తెర మీద చూశాం. మంట నేలని బాదింది, పొగ విరుచుకుపడింది, స్పీకర్లు పగిలేలా మోగాయి. మాస్టారు నా చెయ్యి నొప్పెట్టేలా పిసికేశారు. "ఒక ముక్క రొట్టె పైకి పోవడానికి ఎంత కాల్చాలో చూడు," అన్నారు. ఆ తర్వాత వచ్చే మా నెలవారీ బల్ల రోజున, మేము తీసుకునే గంటకే ఆవిడా పైన తీసుకునేటట్టు మాట. ఆ ఆదివారానికే మాస్టారు పిండి కొనడానికి వెళ్లారు.

శనివారం ఆయన్ని పూడ్చాం. ఆదివారం చర్చికి వెళ్లాం.

ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఆయన మీద రాస్తూ అబద్ధం రాయలేను. ఆ మూడు రోజులూ నేను ఆయన్ని తలచుకున్నది తక్కువ, ఆయన్ని కాల్చి జైల్లో ఉన్నవాణ్ని తలచుకున్నదే ఎక్కువ. నరకడం, చిదమడం, చీరడం, కుమ్మడం, నలపడం. ఏళ్లుగా నోట్‌బుక్కులో ప్రేమగా పోగుచేసుకున్న క్రియలన్నీ వాడి మీదికే పోయాయి. వాడి దవడ నా మడమ కింద ఎలా చప్పుడు చేస్తుందో కూడా ఊహించాను. ఎండు కట్టె చప్పుడు.

పైన ఆవిడకీ కింద మాకూ ఈసారి ఒకటే రొట్టె కాబట్టి, అమ్మ చేసిన చపాతీలు ప్లేట్‌లోకి వచ్చాయి. ఎవరు అడుగుతారా అని చూస్తున్నాను. సంఘపెద్ద లేచారు. "ఎవరికైనా... ఎవరితోనైనా గొడవుందా?"

నేను లేచాను. అమ్మ నా చున్నీ పట్టుకుంది. "కూర్చో, నీకెవరితో?" అంది. తర్వాత నా మొహం చూసి వదిలేసింది.

కారిడార్‌లో వాటర్ కూలర్ పక్కన నిలబడ్డాను. ఇద్దరు వెళ్లాల్సిన చోటికి ఒక్కదాన్నే వెళ్లాను. రెండోవాడు రాడు. గోడకేసి పిడికిలితో గుద్దాను, వేళ్ల కణుపులు చిట్లేదాకా. లోపల పాట మొదలై అయిపోయింది. నేను వెళ్లలేదు. రొట్టె నా గొంతు దిగదు. వాణ్ని క్షమించాను అనలేను, ఇప్పటికీ అనలేను.

అందరూ వెళ్లిపోయాక లోపలికి వచ్చాను. ప్లేట్‌లో రెండు ముక్కలు మిగిలి ఉన్నాయి. ఒకటి ఎప్పుడూ ఉండేది. ఇంకొకటి నాది. చాలాసేపు చూశాక తెలిసింది, ఆ రోజు బల్లకి రానివాళ్లం ఇద్దరమని. వాడూ, నేనూ. ఏది ఎవరిదో చెప్పలేను. రెండూ ఒకేలా ఉన్నాయి.

సాయంత్రం పాస్టరు గారు ఒక వీడియో పంపారు. పైనుంచి ఆవిడ పంపింది. ఆయన పోయారని ఆవిడకి తెలుసు. కన్నీళ్లు చెంప మీదికి జారడంలేదు, కంటి మీదే గాజు ముద్దలా వణుకుతున్నాయి. ఆవిడ ప్యాకెట్ కత్తిరించి, మొదటి ముక్కని రెండు చేతులా లాగి తుంచి తిన్నది. సాగి, సాగి తెగింది. పొడి రాలలేదు. తర్వాత మడత పెట్టిన ముక్కని కిటికీ ముందు వదిలి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

అది కింద పడలేదు. వెనక భూమి మెల్లగా తిరుగుతోంది. మాస్టారి వేళ్లు నొక్కిన మడతలు ఒక్కొక్కటే వదులవుతున్నాయి. ఎవరూ ముట్టుకోకుండా, గాల్లో, ఆ ముక్క విరుస్తోంది.