కుదురు

రంగూన్‌లోని మింగళ తౌంగ్‌న్యున్ పేటలో మా అమ్మాయికి ఆదివారాలు తెలుగు చెప్పిన టీచరమ్మ, చరిత్రను పుస్తకంలోంచి చెప్పేది కాదు. పుస్తకం లేకపోవడం కూడా ఒక కారణం. పాత లుంగీని మెలిపెట్టి పిల్లల చేత చుట్టకుదురు చేయించేది. దాన్ని వాళ్ల తలమీద పెట్టి, పైన ఇసుక సంచి ఎత్తేది. రేవులో మన తాతలు బియ్యం బస్తాలు మోసింది ఇలాగేనట.

“కుదురుగా నిలబడే!” అనేది.

“ఏ కుదురు, టీచరమ్మా? తలమీదదా?” అనేది మా పిల్ల.

“రెండూ ఒకటేనే గుంటా. అది జారితే ఇది ఉండదు.”

కుర్రాళ్లను సైన్యంలోకి పట్టుకుపోతున్నారని ఆవిడ కొడుకు సరిహద్దు దాటి థాయ్‌లాండ్ వెళ్లిపోయాడు. ఆ ఆదివారం క్లాసు ఉండదనుకున్నాం. ఉంది, ఆవిడకు సెలవులంటే పడదు.

ఆ రోజు ఆవిడ మెలిపెడుతున్న లుంగీ పాతది కాదు. మా పిల్ల గుర్తుపట్టేసింది.

“ఇది అన్న లుంగీ కదా! తిరిగొచ్చి ఏటి కట్టుకుంటాడు?”

టీచరమ్మ మెలిక ఇంకాస్త బిగించింది.

“మా తాత గూడా వచ్చేత్తానని సెప్పే సిక్కోలులో ఓడెక్కినాడే,” అంది.

ఆ కుదురును తన తలమీదే పెట్టుకుంది. సంచి ఎత్తమని మాత్రం ఎవరినీ అడగలేదు.