పందొమ్మిది సెకన్లు

పోయిన మంగళవారం పొద్దున స్కూల్లో రిజిస్టరులో సంతకం పెడుతుండగా సారు వాళ్ళావిడ ఫోన్ చేశారు. ఆవిడ నాకెప్పుడూ ఫోన్ చేసింది లేదు. ఏదైనా ఉంటే సారే చేసేవారు. పెన్ను పక్కన పెట్టి ఎత్తాను.

"మీ సారు లేరమ్మా," అన్నారావిడ. ఏడవలేదు. "కాఫీ ఇద్దామని లేపాను. లేవలేదు. ఎవరెవరికి చెప్పాలో నాకు తెలీదు. ఆ రిఫరీలందరికీ నువ్వే చెప్పు."

చెప్పాను. గ్రూపులో మెసేజ్ పెడితే దండాల బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. గుణదలలో ఆయన అద్దెకుంటున్న వాటా ముందుకి మాత్రం మేం పదకొండు మందిమి చేరాం. బాస్కెట్‌బాల్ ఆడే చోట్లలో, ఇటు మచిలీపట్నం నుంచి అటు తెనాలి దాకా, ఆయన విజిల్ వేయని గ్రౌండు లేదు. ఈ చుట్టుపక్కల ఇవాళ విజిల్ పట్టుకున్నవాళ్ళలో సగం మందికి పని నేర్పింది ఆయనే. అయినా పదకొండు మందిమే.

ఆయన్ని మీలో చాలామంది చూసే ఉంటారు, రిఫరీగా కాకపోయినా. గవర్నర్‌పేటలో ఓ పెద్ద బట్టల కొట్టులో ముప్పై ఎనిమిదేళ్ళు సేల్స్‌మన్‌గా చేశారు. పొట్టి మనిషి. తెల్ల పరుపు మీద నిలబడి చీర కొసని రెండు వేళ్ళతో పట్టుకుని విసిరితే అది మీ ఒళ్ళోకొచ్చి ఆగేది. వాళ్ళది నేత కుటుంబం. నాన్నగారు మగ్గం మీదే పోయారట. "మా నాన్న నేశాడు, నేను మడతపెడుతున్నాను, అంతే తేడా," అనేవారు. వారమంతా కొట్టు, ఆదివారం గ్రౌండు. పైసా తీసుకునేవారు కాదు. నిర్వాహకులు పులిహోర పొట్లం ఇస్తే అది మాత్రం తినేవారు, అదీ మ్యాచ్‌లన్నీ అయ్యాకే.

నేను ఇంటర్లో మా కాలేజీ జట్టుకి ఆడేదాన్ని. మోకాలు మెలితిరిగింది. ఇక గెంతొద్దని డాక్టరు చెప్పాడు. గ్రౌండు బయట కూర్చుని ఏడుస్తుంటే ఆయన వచ్చి, "ఆడలేకపోతే వెయ్యమ్మా విజిల్. కోర్టులో ఉండటానికి అదో దారి," అన్నారు. ముందు టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు, గడియారం చూడటానికి. స్టాప్‌వాచ్ ఒకటి నా చేతిలో పెట్టి, "నేను చెయ్యెత్తితే ఆపు, దించితే నడుపు. మధ్యలో దేవుడు దిగొచ్చినా నువ్వు ఆపకూడదు," అన్నారు.

ఆ తర్వాతిది రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను. కొందరు మిత్రులు వద్దన్నారు. కానీ అది వదిలేసి ఆయన గురించి ఏం రాసినా సగమే అవుతుంది. సగం చెప్పడం ఆయనకి అస్సలు పడేది కాదు.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. ఏప్రిల్ నెల. ఆడపిల్లల కాలేజీ జట్ల పోటీలు, ఆరుబయట సిమెంటు కోర్టు మీద. సాయంత్రం నాలుగైనా నేల ఇంకా కాలుతూనే ఉంది. సారు రిఫరీ. నేను టేబుల్ దగ్గర గడియారంతో. ఆట ఆఖరికొచ్చింది, రెండు జట్లకీ మధ్య రెండే పాయింట్ల తేడా. ఏడో నెంబరు బనీను వేసుకున్న అమ్మాయి ఒకతె కోర్టు నడిమిన పడిపోయింది. ఎవరూ తగల్లేదు, తొయ్యలేదు. నడుస్తూ నడుస్తూ కూలిపోయింది.

బంతి అవతలి జట్టు చేతిలో ఉంది. వాళ్ళు గెలుస్తున్నారు. ఒకరికొకరు అందించుకుంటూ టైము గడుపుతున్నారు. సారు ఆ అమ్మాయిని చూశారు. ఆయన చూడటం నేను చూశాను. విజిల్ నోట్లోనే ఉంది. ఊదలేదు. బంతి ఆటలో ఉండగా, ఒక జట్టు చేతిలో ఉండగా, దెబ్బ తగిలిన వాళ్ళ కోసం ఆపకూడదు. వాళ్ళు బాస్కెట్‌కి వేసేదాకానో, బంతి పోగొట్టుకునేదాకానో ఆగాలి. ఆయనకి తెలిసిన రూలు అదే. ఆగారు.

ఎంతసేపో నాకు తెలుసు, గడియారం నా చేతిలోనే ఉంది కదా. పందొమ్మిది సెకన్లు. నేనూ అరవలేదు.

విజిల్ పడ్డాక అందరికంటే ముందు పరిగెత్తింది ఆయనే. ఆటోలో ఆ పిల్ల తల ఆయన ఒళ్ళోనే ఉంది. ఆసుపత్రికి చేరేసరికే అయిపోయింది. పుట్టుకతోనే గుండెలో లోపం ఉందట, ఇంట్లో ఎవరికీ తెలియదట. "మీరు ఆ క్షణమే ఆపినా పెద్దగా ఏమీ మారేది కాదండీ," అన్నాడు డాక్టరు. పోటీలు పెట్టిన పెద్దాయన సారు భుజం మీద చెయ్యేసి, "రూలు ప్రకారమే చేశావు. ఎవరడిగినా ఆ ముక్కే చెప్పు," అన్నాడు. ఆ రెండు మాటల్నీ పట్టుకుని బతికెయ్యొచ్చు. చాలామందిమి అలాగే బతికేస్తాం.

పది రోజుల తర్వాత కొట్టుకి రమ్మని కబురు పెట్టారు. వెళ్ళేసరికి కౌంటరు వెనక చీరల మధ్య ఇంగ్లీషు రూల్ బుక్కు తెరిచి ఉంది, పక్కన డిక్షనరీ. అప్పటిదాకా ఆయనకి పుస్తకం లేదు. తన గురువు దగ్గర విన్నదీ, ఎవరో ఎప్పుడో తెలుగులో టైపు చేసిన నాలుగు కాగితాలూ, అంతే. మద్రాసులో ఉన్న ఎవరినో బతిమాలి పుస్తకం తెప్పించారు. ఒక పేరా మీద వేలు పెట్టి, "నాకు సరిగ్గా అర్థమైందో లేదో, నువ్వు చదివి చెప్పు," అన్నారు.

చదివాను. మొదటి వాక్యాలు ఆయన చెప్పినవే. బంతి ఆటలో ఉంటే ఆగాలి. దాని కిందే ఇంకో వాక్యం ఉంది. దెబ్బతిన్న ఆటగాడిని కాపాడటానికి అవసరమైతే రిఫరీ వెంటనే ఆట ఆపవచ్చు.

"ఇంకోసారి చదువు."

చదివాను.

"ఈ వాక్యం కొత్తగా చేర్చారేమో?" అన్నారు. ఆ గొంతులో ఉన్న ఆశ నాకిప్పటికీ వినపడుతుంది. పాత పుస్తకం కూడా సంపాదించారు, కౌంటరు కింద ఉంది. అందులోనూ వెతికాను. అందులోనూ ఉంది. తెలుగు కాగితాలు టైపు చేసిన మనిషి ఆ ఒక్క వాక్యం వదిలేశాడు, అంతే.

సారు పుస్తకం మూశారు. కౌంటరు మీద ఎవరో విప్పించి వదిలేసిన చీర ఉంటే మడతపెట్టడం మొదలుపెట్టారు. ముప్పై రెండు మడతలూ సరిగ్గా రావాలన్నంత నెమ్మదిగా పెట్టారు. తర్వాత, "రేపు ఆదివారం నాతో ఓ చోటికి రాగలవా అమ్మా? ఒక్కడినే వెళ్ళలేను," అన్నారు.

ఉయ్యూరు దగ్గర పల్లెటూరు. బస్సు దిగి కాలవ గట్టు మీద నడిచి వెళ్ళాం. ఆ అమ్మాయి నాన్న రైతు. వసారాలో కుర్చీలు వేసి కూర్చోమన్నాడు, మంచినీళ్ళిచ్చాడు. ఎవరమో చెప్పాక కూడా మర్యాద తగ్గించలేదు.  మేం గ్లాసులు కింద పెట్టాక ఆయనే అడిగాడు.

"మా పాప పడిపోయాక కూడా ఆట నడిచిందని చెప్పారండీ, దాని స్నేహితురాళ్ళు. నిజమేనా?"

"నిజమేనండి."

"మీరెందుకు ఆపలేదండీ?"

నాకు ఆ పెద్దాయన మాట గుర్తొచ్చింది. రూలు ప్రకారమే చేశామని. డాక్టరు మాటా గుర్తొచ్చింది. సారు ఆ రెండిట్లో ఏదో ఒకటి అంటారనుకున్నాను.

"ఆపొచ్చని నాకు తెలీదండి," అన్నారు సారు. "రూలుంది. నేను చదవలేదు. సగమే తెలుసు నాకు."

లోపలి గదిలోంచి ఒక్క గాజు చప్పుడు వినపడింది. ఆ అమ్మాయి అమ్మ తలుపు వెనకే ఉన్నట్టుంది. తండ్రి కుర్చీలోంచి లేచాడు.

"నిజం చెప్పారు. అందుకు దణ్ణమండీ," అన్నాడు. "ఇంకెప్పుడూ మా గుమ్మంలోకి రాకండి."

సారు లేచి దణ్ణం పెట్టారు. తిరిగి వస్తుంటే దారి మొత్తమ్మీద ఒక్క మాటే అన్నారు. "సగం తెలిసినోడి కంటే ఏమీ తెలియనోడు నయమమ్మా. వాడు కనీసం భయంతోనైనా ఆపుతాడు."

మానేస్తారనుకున్నాను. మానలేదు. ఎందుకు మానలేదని ఓసారి అడిగితే, "నేను మానేస్తే ఆ కాగితాలు పట్టుకుని ఇంకొకడు నిలబడతాడు," అన్నారు. అప్పట్నుంచి రూల్ బుక్కు మారినప్పుడల్లా కొత్తది తెప్పించేవారు. డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఒక్క వాక్యం వదలకుండా, తన గుండ్రటి చేతిరాతతో తెలుగులో దించేవారు. జిరాక్సు తీయించి జిల్లాలో ఉన్న ప్రతి రిఫరీకీ తనే ఇచ్చొచ్చేవారు. ఇచ్చి ఊరుకునేవారు కాదు. పది రోజులయ్యాక గ్రౌండులో ఎదురుపడితే అడిగేవారు. చెప్పలేకపోయామా, తిట్టేవారు కాదు, మన చేతిలో విజిల్ తీసుకుని తన జేబులో వేసుకునేవారు. చదివొచ్చాక ఇచ్చేవారు.

కోర్టులో ఎవరు జారినా ఆపేసేవారు. ఎవరైనా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగితే ఆపేసేవారు. ఓ ఫైనల్లో ఒకడు బంతితో ఒంటరిగా బాస్కెట్ వైపు పరిగెడుతుంటే, వెనక పడ్డ వాడి కోసం విజిల్ వేశారు. పడ్డవాడు వెంటనే లేచి కూర్చున్నాడు. జనం కేకలు, కోచ్ బూతులు. కుర్రాళ్ళు ఆయనకి 'అంబులెన్సు సారు' అని పేరు పెట్టారు. అది ఆయన ముందే అనేవాళ్ళు. నవ్వేవారు కాదు, కోపగించుకునేవారు కాదు. "ఆపిన ఆటని మళ్ళీ మొదలెట్టొచ్చు," అనేవారు, అంతే. నిర్వాహకులు మెల్లగా ఆయనకి ఫైనల్స్ ఇవ్వడం మానేశారు. తర్వాత సెమీస్. ఆఖర్న పొద్దుటే ఏడింటికి జరిగే చిన్నపిల్లల మ్యాచ్‌లే ఆయనకి మిగిలాయి.

యాభై ఎనిమిదో ఏట పరుగు పరీక్షలో ఆగిపోయారు. మాకు ఏటా ఉంటుందది. బీప్ మోగేలోగా అవతలి గీత చేరాలి, బీప్‌కీ బీప్‌కీ మధ్య సమయం తగ్గుతూ వస్తుంది. షుగరు అప్పటికే ఆయన పాదాలకి తిమ్మిరి పట్టించింది. రెండు గీతలు తప్పాయి. పరీక్ష పెట్టేవాడు ఆయన దగ్గర నేర్చుకున్నవాడే. "పర్లేదు సార్, పాసని రాసేస్తాను. మీకేంటి," అన్నాడు.

సారు రొప్పుతూ వంగి ఉన్నారు. తలెత్తకుండానే అన్నారు. "నువ్వు పాసని రాస్తావు. అవతలి మూల ఎవరైనా పడితే నేను ఎంతసేపట్లో చేరతాను? ఫెయిలని రాయి."

వాడు రాయలేక నిలబడితే కాగితం లాక్కుని తనే రాసుకున్నారు.

తర్వాతి సంవత్సరాల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. కాలి వేళ్ళు రెండు తీసేశారు. కొట్టు మానేశారు. కళ్ళు మందగించాయి. శనివారం శనివారం నేను పటమట నుంచి వెళ్ళి రూల్ బుక్కులో మార్పులు చదివి వినిపించేదాన్ని. మంచం మీద గోడకి ఆనుకుని వినేవారు. అవి ఇక ఆయనకి పనికొచ్చేవి కావు. అయినా "ఆగు, ఆ మాట మళ్ళీ" అనేవారు. "నీకు తెలిసిందా, లేక చదివేస్తున్నావా?" అనేవారు. చూడటానికి వచ్చేవాళ్ళం మెల్లగా తగ్గిపోయాం. చివరి ఏడాది నేనొక్కదాన్నే వెళ్ళేదాన్ని. నేనూ నెలకి రెండు వారాలు ఎగ్గొట్టేదాన్ని. అది ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

అంత్యక్రియలయ్యాక ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచారు. "ఏటా ఏప్రిల్లో ఓ రోజు అన్నం ముట్టేవారు కాదమ్మా. అడిగితే కడుపు బాగోలేదనేవారు. ఇరవై ఏళ్ళు. నీకేమైనా తెలుసా?" అని అడిగారు. అప్పుడు తెలిసింది, ఆవిడకి ఆయన ఎన్నడూ చెప్పలేదని. పొయ్యి గట్టు దగ్గరే నిలబడి మొత్తం చెప్పాను. ఆవిడ చివరిదాకా విని, "నాకు చెప్తే నేనూ పస్తుండేదాన్నిగా," అన్నారు. అప్పుడు ఏడ్చారు.

పోయిన డిసెంబరులో ఒకసారి, గ్రౌండుకి తీసుకెళ్ళమని సారు నన్ను అడిగారు. ఆటోలో తీసుకెళ్ళాను. ఆడపిల్లల మ్యాచ్. గీత పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టాను. అప్పటికే ఆయనకి మనుషులు నీడల్లాగే కనిపించేవారు. తల పక్కకి వంచి బూట్ల చప్పుడూ, బంతి చప్పుడూ వింటూ కూర్చున్నారు. మూడో క్వార్టర్లో అవతలి చివర ఓ పిల్ల జారి పడింది. సిమెంటు మీద మనిషి పడిన చప్పుడు వేరేగా ఉంటుంది.

సారు లేచి నిలబడ్డారు. ఆ పాదాలతో ఎలా లేచారో నాకు తెలీదు. కుడి చెయ్యి తలపైకి నిటారుగా ఎత్తి, అరచెయ్యి తెరిచి, వేళ్ళు దగ్గరగా పెట్టి, గడియారం ఆపమని చూపించారు. విజిల్ లేని పెదవులు గట్టిగా బిగించి ఉన్నాయి. ఆయన్ని ఎవరూ చూడలేదు. ఆ పిల్ల అప్పటికే లేచి, మోచెయ్యి దులుపుకుని పరిగెడుతోంది. ఆట నడుస్తూనే ఉంది. ఆయన చెయ్యి దించలేదు. 

"లేచిందా?" అన్నారు.

"లేచింది సార్. ఆడుతోంది."

"సరిగ్గా చూడు."

చూశాను. "ఆడుతోంది సార్."

అయినా చాలాసేపు అలాగే నిలబడ్డారు, చెయ్యి పైకెత్తి, కనపడని కోర్టు వైపు తిరిగి.