ఏడో నెలకే తొందరపడ్డ బిడ్డ

ఆ మధ్యాహ్నం పుంగనూరులో మా ఇంట్లో చింతపండు గింజలు తీస్తున్నాను. ఉన్నట్టుండి పొట్ట రుబ్బురోలులా గట్టిపడింది. కాసేపటికి వదిలి, మళ్లీ గట్టిపడింది. నొప్పి లేదు, నడుము మాత్రం లాగేస్తోంది. నాకు నలభై దాటాయి. పెళ్లయిన ఇన్నేళ్లకు నిలిచిన మొదటి కడుపు, ఏడో నెల.

మా అత్త ఆవుల మనిషి. ఆమె పురుడు పోసిన దూడలను వరసగా నిలబెడితే హార్స్లీ హిల్స్ ఎక్కి దిగుతాయి.

"యాల బెదురుకుంటాండావమ్మా? ఉడుకు చేసిండాది, అంతే. ఆవు ఈనే ముందర తోక మొదట్లో గుంటలు పడతాయి. నీకు యాడ పడిండాయి?"

"నాకు తోకే లేదు గదత్తా!"

ఆమె ఇచ్చిన జీలకర్ర కషాయం కడవెడు తాగాను. పొట్ట వినలేదు. సాయంత్రానికి మా ఆయన మదనపల్లె ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

స్కాన్ చూసి డాక్టరమ్మ, "ప్రీటర్మ్ లేబర్, నెలలు నిండకుండానే కాన్పు నొప్పులు. సర్విక్స్, అదే గర్భసంచి మూతి, షార్ట్ అయిపోయిందమ్మా. తొందరగా వచ్చారు, ఆపి చూస్తాం" అంది. బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్, నొప్పులు ఆగడానికి మాత్రలు ఇచ్చారు. తగ్గినట్టే తగ్గి మర్నాడు మళ్లీ మొదలు. అక్కడ పసిబిడ్డల ఐసీయూ, ఎన్‌ఐసీయూలో ఖాళీ లేదని కుప్పం ఆసుపత్రికి పంపారు.

"గుంతలు సూసుకోని పోప్పా, లోపల రెండు పానాలుండాయి" అని మా ఆయన డ్రైవర్‌ను దారంతా బతిమాలాడు. అంబులెన్స్ మా పుంగనూరు మీదుగానే పోయింది. దిగడానికి లేదు.

కుప్పంలో బిడ్డ మెదడుకు రక్షణగా మెగ్నీషియం డ్రిప్ పెట్టారు. ఒళ్లంతా పెనం మీద వేసినట్టు కాలింది. "నేనన్నా గదా ఉడుకని!" అంది వెంట వచ్చిన అత్త. చేతికి డ్రిప్, పొట్టకు మానిటర్ బెల్టు, పడుకుంటే ఎడమ పక్కకే. ఎదుట గోడ తప్ప లోకం లేదు. తుమ్మితే బిడ్డ జారిపోతుందని, వచ్చిన తుమ్ములన్నీ మింగేశాను. ఒకసారి మానిటర్‌లో బిడ్డ గుండె చప్పుడు ఆగింది. లేవలేను, మంచం కమ్మీని దబదబా కొట్టాను. నర్సు వచ్చి, "బెల్టు జరిగిందమ్మా, బిడ్డ బాగుండాది" అని సర్దింది. ఆ తర్వాత ఆ చప్పుడుకు కాపలా కాస్తూ నిద్రే మానేశాను.

నొప్పులు ఆగాయి. కొన్ని వారాలు గడిచాక, నెలలు నిండకుండానే పాప పుట్టింది. పిడికెడు పిల్ల, కుప్పమంతా లేచేలా ఏడ్చింది. కొన్నాళ్లు ఎన్‌ఐసీయూలో ఉండి ఇంటికొచ్చింది. ఇప్పుడు నా ఎడమ చేతి మీదే నిద్రపోతోంది. తిమ్మిరెక్కింది కానీ కదపను.

నెలలు నిండకముందే పొట్ట గట్టిపడుతూ, వదులుతూ మాటిమాటికీ అవుతుంటే నొప్పి కోసం ఎదురుచూడకండి. కషాయం పొయ్యి మీదే ఉండనిచ్చి ఆసుపత్రికి పొండి.