జుసోకి వినపడే చోటు

జుసో చెవుడు వింతది. ఒడ్డు మీద పక్కన నిలబడి డప్పు కొట్టినా తల తిప్పడు, నీళ్లలో తల ముంచితే చేపల గుసగుసలు కూడా పట్టేస్తాడు. తెరెంగాను తీరంలోని ఆ ఊళ్లో ప్రతి పడవకీ చేపల చప్పుడు వినే మనిషి ఒకడుంటాడు. ఇంజను ఆపేశాక అతను పడవ అంచు పట్టుకుని నీళ్లలోకి దిగి మునుగుతాడు. గెలామా చేపల గుంపు ఎటు పోతోందో విని పైకొచ్చి చెయ్యి చూపిస్తాడు. అటు వల వేస్తారు. సరంగు దెరమాన్ పడవలో ఆ పని జుసోది.

పట్నం డాక్టరు విషయం తేల్చేశాడు. చెవి తలుపు బిగుసుకుపోయింది, లోపలి గది బాగానే ఉంది. నీళ్లలో చప్పుడు ఆ తలుపుతో పని లేకుండా పుర్రె ఎముకల్లోంచి లోపలికి పోతుంది. ఆయన ఇచ్చిన చెవి మిషను ఉప్పుగాలికి ఒక వర్షాకాలం కూడా నిలవలేదు. ఇంకోటి అడగడానికి జుసోకి మొహం చెల్లలేదు.

ఊరు చెడ్డదేం కాదు. కాఫీ కొట్టు దగ్గర అతనికి చోటిస్తారు. అందరూ నవ్వాక అతనూ నవ్వుతాడు, ఎందుకో తెలియకుండానే. ముఖ్యమైన మాటలు, అంటే పెళ్లి, చావు, తుఫాను, అరిచి మరీ చెబుతారు. అరిచేంత విలువ లేని మాటలే ఎవరూ చెప్పరు. మనిషి బతికేది ఆ మాటల మీదేనని చెవులున్నవాళ్లకి ఎందుకు తెలుస్తుంది?

భార్య కల్సోమ్ ఒకప్పుడు వసపిట్ట. కానీ ఇళ్లవి చెక్క గోడలు, మొగుడితో చెప్పే మాట అరిస్తే వీధంతా వింటుంది. అందుకని రానురాను ఆవిడ మాటలు “తిను”, “వాన”, “పడుకో” దగ్గర ఆగిపోయాయి. మిగతావన్నీ పెరట్లో కోళ్లకి చెప్పుకుంటుంది. జుసో కిటికీలోంచి ఆమె పెదవులు కదలడం చూస్తూ కూర్చుంటాడు. కోళ్లని చూసి కుళ్లుకునే మగవాడు ఆ ఊళ్లో అతనొక్కడే.

అందుకే అతనికి సముద్రమంటే అంత ప్రాణం. మునగగానే లోకం మళ్లీ తెరుచుకునేది. గులకరాళ్లు దొర్లేవి, రొయ్యలు చిటపటలాడేవి, గెలామాలు కప్పల్లా బెకబెకమనేవి. అతను కింద ఉన్నంతసేపూ పడవలో ఎవరూ కదిలేవారు కాదు, అగ్గిపుల్ల కూడా గీసేవారు కాదు.

ఒక ఉదయం పైకొచ్చి, అంచు పట్టుకుని, చేపలు ఎటున్నాయో చెయ్యి చూపిస్తున్నాడు. వెనక నుంచి ఇంకో పడవ వచ్చేస్తోంది. అందరూ గొంతు చించుకున్నారు. వాళ్ల నోళ్లు చూసి, చేపల కోసం సంబరపడుతున్నారనుకుని జుసో కూడా నవ్వాడు. ఆ పడవ అతని భుజం గీరుకుంటూ పోయింది.

ఒడ్డుకొచ్చాక దెరమాన్ అతన్ని పక్కకి పిలిచాడు. మెల్లగా చెప్పాల్సిన మాట అరిచి చెప్పాల్సి వచ్చింది పాపం.

“ఇంక నీళ్లలోకి దిగొద్దురా. వెనక కూకుని వల చూసుకో. నీ వాటా నీకొస్తాది.”

“నీళ్లలో నాకు బాగానే ఇనబడతాది మామా.”

“నీళ్లలో సరే. పైకొచ్చాక?”

మర్నాటి నుంచి అతని బదులు పడవలో ఇంకో మనిషి, వహాబ్, మునిగాడు. జుసో వెనక కూర్చుని వల చిక్కులు తీశాడు. వహాబ్ కింద ఉన్నంతసేపూ అందరితోపాటు అతనూ కదలకుండా ఉన్నాడు. ఇప్పుడతనికి ఎక్కడా ఏమీ వినపడదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం ఏటి మొగ దగ్గరికి ఒక్కడూ పోయి, చొక్కా ఇసుక మీద పెట్టి, గుండెల్లోతు నీళ్లలో తల ముంచి నిలబడ్డాడు. కట్టెల కోసం అటొచ్చిన కల్సోమ్‌కి ముందు చొక్కా కనబడింది. తర్వాత నీళ్ల మీద వీపు కనబడింది. కట్టెలు పారేసి నీళ్లలోకి ఉరికింది.

వెనక నుంచి రెండు చేతులా అతన్ని వాటేసి పైకి లాగింది. ఆమె గడ్డం అతని చెవి వెనక ఎముకకి గట్టిగా ఆనింది. ఏడుస్తూ తనలో తను గొణుక్కుంది.

“ఎంత పని సెయ్యబోయావయ్యా. ఇన్నేళ్లూ కోళ్లతో మాటాడుకుని బతికాను. నువ్వూ పోతే ఇంక నాకెవరున్నారు?”

జుసో బిగుసుకుపోయాడు. ఆ గొణుగుడు తల లోపల, మాట మాటా విడివిడిగా వినబడింది.

“కోళ్లకి ఏం సెప్తావు?” అని అడిగాడు.

కల్సోమ్ ఉలిక్కిపడి వదిలేసింది. ఎదురుగా వచ్చి ఏదో అంది. పెదవులు కదిలాయి, అంతే. జుసో మళ్లీ ఆమెకి వీపు తిప్పి, ఆమె గడ్డం పట్టుకుని లాగి చెవి వెనక పెట్టుకున్నాడు.

“ఇక్కడ పెట్టి సెప్పు. మెల్లగా.”

ఈ గొడవకి ఒడ్డున పోగైన జనం చూస్తున్నారు. వీధిలో మొగుడి చెయ్యి కూడా పట్టుకోని ఆడమనిషి నీళ్లలో అలాగే నిలబడిపోయింది. చెప్పాల్సినవి ఏళ్ల తరబడి పేరుకుపోయి ఉన్నాయి. ఏది ముందు చెప్పాలో తెలియలేదు.

“పొయ్యి మీద అన్నం పెట్టొచ్చాను,” అంది చివరికి, చాలా మెల్లగా. “మాడిపోయుంటాది.”

జుసో కళ్లు మూసుకున్నాడు.

“ఇంకా?” అన్నాడు.