తాళం వేసిన అయిదో ఇల్లు

తవిటమ్మ మంత్రసాని. కొండకింద ఊళ్ళలో సగం మందికి బొడ్డు కోసింది ఆవిడే. ఆవిడ నోటికి జడిసి ఊరి పెద్దలే పక్కకు తప్పుకునేవారు. అరవైతొమ్మిదిలో పోలీసులూ కొండమీది నక్సలైటు కుర్రాళ్ళూ కాల్చుకుంటున్న రోజుల్లో ఆవిడ తమ్ముడు గంగులు కట్టెలకు వెళ్ళి తూటా తగిలి చచ్చిపోయాడు. వాడికి దుక్కీ, పశువులూ తప్ప మరో లోకం తెలీదు. శవాన్ని మోసుకొచ్చి దహనం చేసింది ఇంటివాళ్ళే. అయినా పోలీసు కేంపులో అడిగితే కొండమీదికి పారిపోయాడనే అన్నారు. ఆ మాట తవిటమ్మకి తిన్న అన్నం ఒంటబట్టనివ్వలేదు.

ఆ చలికాలం విశాఖపట్నం నుంచి నరసింగరావనే కుర్ర డాక్టరు వచ్చాడు. ఈ గొడవల్లో మామూలు జనం ఎంతమంది పోయారో లెక్క తేలుస్తానని తవిటమ్మను తోడు తీసుకున్నాడు. వరసలో ప్రతి అయిదో ఇంట్లో అడగాలి. తాళం ఉంటే దాని బదులు పక్కింటివాళ్ళని వాళ్ళింటి చావుల గురించి అడగాలి. తమ్ముడిల్లు అయిదోదని చూసుకుని ఆవిడ పొంగిపోయింది. ఇన్నాళ్ళకి వాడు చచ్చాడని ఎవరో ఒకరు రాస్తారు.

ఆ ఇంటికి తాళం ఉంది, అయినా తాను చెప్పొచ్చులే అనుకుంది. వేయించింది తవిటమ్మే. గంగులు తూటాకి పోయాడు, అదీ చెడ్డ నక్షత్రంలో, ఆరు నెలలు ఎవరూ ఉండకుండా ఇల్లు పాడుపెట్టాల్సిందేనని పట్టుబట్టి, మరదలు బుల్లమ్మ ఏడుస్తున్నా వినకుండా బొబ్బిలి అవతల పుట్టింటికి పంపేసింది.

"తాళముంటే ఏటి బాబూ? ఆడి అప్పని నానున్నాను గదా, నాను సెప్తాను."

"ఆ ఇంట్లో ఉండేవాళ్ళే చెప్పాలమ్మా. చుట్టాలు చెబితే ఒక్క చావునే నలుగురు చెబుతారు. అప్పుడు మన లెక్క ఎవరూ నమ్మరు."

పక్కింటి కూర్మమ్మ గడపలో నిలబడి, "మా ఇంట్లో ఎవులూ సావనేదు" అంది. డాక్టరు అదే రాసుకున్నాడు.

వీధి చివరికొచ్చేసరికి తవిటమ్మ ఆగిపోయింది. తుపాకీ దెబ్బకి పోయినవాళ్ళ ఇళ్ళకి ఈ ఊళ్ళో నక్షత్రం కూడా చూడరు, అన్నీ పాడుపెట్టేస్తారు.

"బాబూ, సావొచ్చిన కొంపలన్నీ మూసున్నాయి. తెరిసున్న ఇళ్ళల్లో అడిగితే నీకేటి దొరుకుతాది?"

"తెలుసమ్మా," అన్నాడు డాక్టరు తల దించుకుని. "వెళ్ళిపోయినవాళ్ళ దగ్గరికి పోలీసులు నన్ను పోనివ్వరు. ఈ సాయంత్రంతో అనుమతి కూడా అయిపోయింది."

అతన్ని పాపం అనుకోవడానికి కూడా ఆవిడకి మనసు రాలేదు. గబగబా తమ్ముడింటికి వచ్చి రోకలితో తాళం బద్దలుకొట్టింది. ఆచారం మంటగలిసిపోనీ అనుకుని నడింట్లో చాప పరుచుకుని కూర్చుంది.

"ఓ బాబూ! ఈ ఇంట్లో నానుంటన్నాను. ఇప్పుడొచ్చి అడుగు!" అని వీధి దద్దరిల్లేలా అరిచింది.

డాక్టరు జీపు అప్పటికే ఊరు దాటిపోయింది. తవిటమ్మ బతికినన్నాళ్ళూ ఆ ఇంట్లోనే ఉంది. అడగడానికి ఎవరూ రాలేదు.