పలకకూడని పిలుపు

మా అక్క కొడుకు చనిపోయిన ఏడాది మా ఇంటికి వచ్చినంతమంది జనం మా కిరాణా దుకాణానికి వచ్చి ఉంటే, బాపు పక్క మడిగె కూడా కొనేసేవాడు. వచ్చినవాళ్లు తలా ఒక మాట చెప్పి, చాయ తాగి పోయేవారు. ఒకరు తాయెత్తు కట్టించమన్నారు. ఇంకొకరు మళ్లీ కడుపు పండితే అన్నీ మరిచిపోతుందన్నారు, అదీ అక్కకు వినపడేటట్టు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఆ చాయ గ్లాసులు కడిగేది నేనే కాబట్టి వాళ్ల మీద నాకు మంట ఇంకా ఎక్కువ.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది, వానలు వెనకబట్టే రోజులవి. అక్కను డోర్నకల్ ఇచ్చాం. బావకు రైల్వేలో కొలువు. నాలుగేళ్లు నిండిన పిల్లవాడికి జ్వరం వచ్చింది, అది మెదడుకెక్కింది. రైల్లో మా వరంగల్ తీసుకొచ్చి పెద్ద దవాఖానలో వేశారు. అక్కడి నుంచి వాడు ఇంటికి రాలేదు. అక్క డోర్నకల్ పోలేదు. మా ఇంటి వెనక వరండాలో గోడకు ఆనుకుని కూర్చునేది. పెడితే తినేది, అడిగితే జవాబు చెప్పేది. నిద్ర మాత్రం పోయేది కాదు.

ఆమెకు కావలసింది ఒక్కటే, వాడు ఒక్కసారి కలలో కనబడాలి. దవాఖానలో చివరి రోజుల్లో వాడికి తెలివి లేదు. వాడు ఆఖరిసారి అమ్మా అని ఎప్పుడన్నాడో ఎంత తలచుకున్నా ఆమెకు గుర్తు రాలేదు. ఆ ఒక్క మాట కోసం కలను కోరుకునేది. కల రావాలంటే నిద్ర రావాలి. వాడొస్తాడేమో అన్న ఆశతో పడుకుంటే ఆ ఆశే నిద్రను తరిమేసేది. దీనికి ఎవరు మాత్రం ఏం చేయగలరు?

అదేం చోద్యమో, వాడు మిగతా అందరి కలల్లోకి వచ్చాడు. మా అమ్మ కలలో అరుగు మీద కూర్చుని మక్క కంకి తిన్నాడట. మాకు పాలు పోసే ఆమె కలలో ఆమె బర్రె వెంట తిరిగాడట. అక్కకు మంచి చేస్తున్నామనుకుని వాళ్లు ఇవన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవారు. పుండు మీద కారం చల్లడం ఎలా ఉంటుందో నేనప్పుడు చూశాను. నాయనమ్మ కలలోకైతే వచ్చి, వరస పెట్టకుండా, ముసలీ అని పిలిచాడట కూడా.

"నేను పలుకలే," అంది నాయనమ్మ, ఏదో ఘనకార్యం చేసినట్టు. "పోయినోళ్లు కలలకొచ్చి పిలిస్తే పలుకద్దు బిడ్డా. పలికితే ఎంబడి తోల్కపోతరు."

మా ఇంట్లో ఇది కొత్త మాట కాదు. దీపం పెట్టే వేళ ఇల్లు ఊడ్వకూడదు, గడప మీద కూర్చోకూడదు అన్నట్టే దీన్ని కూడా మాకు ఉగ్గుపాలతో పోశారు. చిన్నప్పుడు అక్కకో నాకో చెడ్డ కల వచ్చిందంటే నాయనమ్మ మొదట అడిగేది, పలికినవా అని. పలకలేదని ఒట్టేసి చెబితే గానీ పళ్లెంలో అన్నం పడేది కాదు.

హనుమకొండలో ఒక సార్ ఉండేవాడు. బ్యాంకులో క్లర్కు. మిద్దె మీద రేకులు వేయించి పొద్దున పూట యోగాసనాలు, ఒళ్లు వదులు చేసుకుని పడుకోవడం నేర్పేవాడు. దాన్ని రిలాక్సేషన్ అనేవాడు. ఏవో ఇంగ్లీషు పుస్తకాలు చదివాడు. కలలో ఉండగానే ఇది కల అని తెలుసుకోవచ్చని, తెలిస్తే ఆ కల మన చేతిలో ఉంటుందని చెప్పేవాడు. మా ఇంట్లో చాయ తాగిపోయిన ఒకాయనే ఈ సంగతి చెప్పాడు. అక్క తలెత్తి విన్న మొదటి సలహా అదే. ఏ పుట్టలో ఏ పాముందోనని అమ్మ నన్ను తోడిచ్చి బస్సెక్కించింది.

మొదటిరోజే తంటా వచ్చింది. అందరినీ వెల్లకిలా పడుకోబెట్టి, ఇది శవాసనం అన్నాడు సార్. అక్క లేచి కూర్చుంది. ఆయనకు మా సంగతి తెలియదు, నేను పక్కకు పిలిచి చెప్పాల్సి వచ్చింది. మంచివాడు, ఆ తర్వాత మా ముందు ఆ పేరు ఎత్తలేదు. జర పండుకుందాం అనేవాడంతే. కాలివేళ్ల నుంచి మొదలుపెట్టి పిక్కలు, మోకాళ్లు, నడుము ఒక్కొక్కటే వదిలేయమనేవాడు. నేను నడుము దాకా కూడా రాకముందే గురక పెట్టేదాన్ని. అక్క ఒళ్లంతా వదిలేసేది కానీ దవడ మాత్రం బిగించుకునే ఉండేది.

పగలు గుర్తొచ్చినప్పుడల్లా అరచేతులు చూసుకుని ఇది కలా నిజమా అని మనల్ని మనమే అడగమన్నాడు. అలవాటైతే కలలో కూడా అదే పని చేస్తామట. కలలో చేతిగీతలు నిలకడగా ఉండవట, దాన్ని బట్టి తెలిసిపోతుందట. అక్క బియ్యం ఏరుతూ చూసుకునేది, జడ వేసుకుంటూ చూసుకునేది. చేతికి ఏమైంది బిడ్డా అని వాడకట్టు ఆడవాళ్లు అడిగేవారు. చూసుకున్న ప్రతిసారీ గీతలు కదలకుండా ఉండేవి. ప్రతిసారీ ఇది నిజమే అని తేలేది. ఆ చిన్న పని ఆమెను ఎంత కోసేదో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

పడుకునే ముందు చేతులకు ఏదైనా పనికిరాని పని ఇవ్వమని, పిల్లల ఆటలాంటిదైతే మంచిదని కూడా సార్ చెప్పాడు. పొట్లం విప్పిన దారాన్ని కూడా ఉండ చుట్టి దాచే ఇల్లు మాది, అందులో పనికిరాని పని! అక్క చొప్పబెండ్లు కావాలంది. ఎండిన జొన్నదంటు పై బెరడు చీలిస్తే సన్నటి పుల్లలు వస్తాయి, లోపల తెల్లటి మెత్తటి బెండు ఉంటుంది. బెండు ముక్కలకు ఆ పుల్లలే గుచ్చి పిల్లలు బండ్లు, ఎడ్లు, కళ్లద్దాలు చేసుకుంటారు. అక్క కొడుక్కి అవంటే ప్రాణం. ఇక్కడికి వచ్చినప్పుడల్లా నేను చేసిచ్చిన కళ్లద్దాలు పెట్టుకునే నిద్రపోయేవాడు.

అక్క అడిగిన మర్నాడే బాపు సైకిల్ వెనక చొప్పకట్ట కట్టుకొచ్చాడు. వరండాలో దింపి దుకాణానికి వెళ్లిపోయాడు. కట్ట అయిపోవచ్చినప్పుడల్లా ఇంకోటి తెచ్చేవాడు. బర్రెను కొన్నారా అని ఎవరైనా అడిగితే లేదని ఊరుకునేవాడు. బిడ్డతో ఏం మాట్లాడాలో ఆయనకు తెలియలేదు. చొప్ప తేవడం ఒక్కటే చేతనైంది.

వరండా నిండా బండ్లు. అక్కకు అవి సరిగ్గా వచ్చేవి కావు. చక్రాలు వంకర, ఎడ్లకు ఒంటికి మించిన కొమ్ములు. ఒకరోజు ఒక ఎద్దును చూసి నాకు నవ్వు ఆగలేదు. అక్క కూడా నవ్వింది, నవ్వుతూ నవ్వుతూనే ఏడుపులోకి పోయింది. నేను ఆ ఎద్దును చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను.

సెలవు దొరికితే బావ ప్యాసింజరులో వచ్చేవాడు. వరండాలో కూర్చుని తానూ ఒక చక్రం చేసేవాడు. నైట్ డ్యూటీలతో తనకు నిద్రే లేదని, ఇక కల ఎక్కడిదని, నీకైనా కనబడితే చెప్పమని అక్కను అడిగేవాడు. అతను వెళ్లాక ఆ చక్రం ఏ బండికీ సరిపోయేది కాదు. అక్క దాన్ని పారేయకుండా గూట్లో పెట్టేది.

ఎండాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. అక్క వరండాలో చాప మీద పడుకుని, సార్ చెప్పినట్టు కాలివేళ్ల నుంచి మొదలుపెట్టి, ఆశ్చర్యంగా నిజంగానే నిద్రపోయింది. దవడ వదులైంది. పెదవులు కొంచెం తెరుచుకున్నాయి. ఈగ కూడా వాలకుండా నేను పక్కన కూర్చుని విసిరాను. చాలాసేపటికి లేచింది.

"వచ్చిండే," అంది.

నేను దగ్గరికి జరిగాను. ఆమె గొంతులో మాత్రం సంతోషం లేదు. మెల్లగా చెప్పుకొచ్చింది. వాడు ఇదే వరండా మెట్టు మీద నిలబడ్డాడట. ఎర్ర లాగు, ముక్కు మీద బెండు కళ్లద్దాలు. అక్క అలవాటు కొద్దీ అరచేతులు చూసుకుంది. గీతలు కదులుతున్నాయి. ఇది కల అని తెలిసిపోయింది. సార్ చెప్పినట్టే తొందరపడలేదు, లేవలేదు, ఊపిరి నిదానంగా తీసుకుంది. కల చెదరలేదు. అప్పుడు వాడు అమ్మా అని పిలిచాడు.

"నువ్వేమన్నవక్కా?"

"పలుకలే."

నేను విసరడం ఆపేశాను. అక్క నా వైపు చూడకుండా చాప అంచు పీకుతూ చెప్పింది.

"కల అని ఎరుకైంది గదనే. కల అని ఎరుకైతే, పోయినోడు పిలుస్తాండని గూడ ఎరుకైతది. నోరు దానంతటదే మూసుకున్నది. మల్లొక్కసారి పిలిచిండు. కండ్లద్దాలు తీసి నా దిక్కు చూసిండు. పలుకకపోయేసరికి మెట్టు దిగి పోయిండు."

చాప అంచు వదిలేసి, "ఎరుక గాకుంటే పలికేదాన్ని చెల్లె," అంది.

నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. మర్నాడు సార్‌ను నాలుగు కడిగేద్దామని హనుమకొండ పోయాను. ఆయన అంతా విని, పుస్తకంల ఇది లేదమ్మా అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు చూశాక కడగడానికి నా దగ్గర ఏమీ మిగలలేదు. వచ్చిన బస్సుకే తిరిగొచ్చాను.

నాయనమ్మ ఆ మధ్యాహ్నం తలుపు చాటునుంచి అంతా విన్నదని తర్వాత తెలిసింది. ఆ పూట అన్నం ముట్టలేదు. ఒళ్లు బాగాలేదనుకున్నాం. నేను హనుమకొండ నుంచి వచ్చేసరికి వరండాలోకి వచ్చి, బండ్లను పక్కకు జరిపి, అక్క ముందు కూలబడింది.

"ఆ మాట తల్లులకు గాదు బిడ్డా. తల్లి పలుకచ్చు. చిన్న పిల్లగాండ్లు ఎంబడి తోల్కపోరు. వాళ్లకు తొవ్వ ఎరుక ఉండది."

నాయనమ్మ తన బతుకులో ఒక్క కట్టుబాటునైనా సడలించగా మేం చూడలేదు. ఇది అప్పటికప్పుడు అల్లిన మాట అని నాకు తెలుసు, అమ్మకు తెలుసు. అక్కకూ తెలిసే ఉంటుంది. అయినా బుద్ధిగా తల ఊపింది.

ఆ ఎండాకాలమంతా అక్క రోజూ మధ్యాహ్నం పడుకుంది, నిద్ర కూడా పోయింది. వాడు రాలేదు. అరచేతులు చూసుకోవడం మానేసింది. దాని బదులు ఇంకో అలవాటు వచ్చింది. వాడలో ఏ పిల్లలు అమ్మా అన్నా ఇంట్లోంచి ఆఁ అని పలికేది. పొయ్యి మీద చేయి కాలుతున్నా ముందు పలికేది. పిల్లలు మొదట నవ్వారు, తర్వాత వాళ్లకూ అలవాటైపోయింది. కొన్నాళ్లకు బావ వచ్చి డోర్నకల్ తీసుకుపోయాడు. ఆడపిల్ల పుట్టింది. తాయెత్తు చెప్పినవాళ్లు, కడుపు పండాలన్నవాళ్లు అందరూ చూశావా అన్నారు.

ఆ పిల్లకు ఆరేళ్లప్పుడు అనుకుంటా, ఎండాకాలం సెలవులకు వచ్చారు. మధ్యాహ్నం అక్క వరండాలో పడుకుంది. నేను పిల్లకు బెండు కళ్లద్దాలు చేసిస్తున్నాను. నాయనమ్మకు అప్పటికి చూపు సరిగ్గా లేదు, గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఆఁ బిడ్డా, ఈడ్నే ఉన్న," అంది అక్క.

పిల్ల తలెత్తి నేను పిలవలేదు చిన్నమ్మా అంది. తల్లి దగ్గరికి పోబోయింది. నాయనమ్మ చేయి చాపి, తడుముకుని, దాని గౌను అంచు పట్టుకుంది.

"లేపకు," అంది గుసగుసగా. "మాట్లాడుకోనియ్."

మేం ముగ్గురం కదలకుండా కూర్చున్నాం. అక్క నిద్రలో ఇంకోసారి పలికింది.