శభాష్ అనే ఏనుగు

మిషనక్క కుట్టుమిషను తొక్కుతుంటే ఆ జోరుకి సిగ్గుపడి వీధి మలుపులోని గడియారం ఆగిపోయిందని చెప్పుకుంటారు. చెప్పేవాళ్ళలో సగంమంది కోతలరాయుళ్ళే అనుకోండి. కానీ ఆ టకటక ఆగితేనే పక్కింటి పిన్నికి మధ్యాహ్నపు కునుకులోంచి మెలకువ వచ్చేదన్నది మాత్రం ఒట్టేసి చెప్పొచ్చు. బడిపిల్లల చొక్కాలు కుట్టడం ఆమె పని. మొగుడు పోయాక ఆ ఇంటికి దూలం, స్తంభం అన్నీ ఆ మిషనే.

ఆమెకున్నది ఒక్క కూతురు, బుజ్జి. మాటలు గలగలా రావాల్సిన వయసు. తల్లి కళ్ళు సూది మీద, కాళ్ళు తొక్కుడు మీద ఉండేవి. పిల్లతో కబుర్లాడటానికి మిగిలింది నోరొక్కటే. ఆ నోట్లో ఎప్పుడూ గుండుసూదులు ఉండేవి.

ఇది చూడలేక తమ్ముడు ఓ పాత టీవీని భుజాన మోసుకొచ్చాడు.

“ఇది టీవీ కాదే అక్కా, బడి! దీని ముందు నెల రోజులు కూర్చున్న మేక లెక్కలు చెప్పిందట.”

“నువ్వు చిన్నప్పుడు కూర్చోవాల్సిందిరా. మేకంత అయినా అయ్యేవాడివి,” అంది ఆమె, సూదులు పళ్ళమధ్య నొక్కిపెట్టి.

అందులో టోపీ పెట్టుకున్న ఓ ఏనుగు పిల్లలకి పాఠాలు చెప్పేది. ఆపిల్ పండు చూపించి, “ఇది ఏ రంగు, చెప్పండి?” అని అడిగేది. రెప్పలు ఆడిస్తూ కాసేపు ఆగేది. తర్వాత చప్పట్లు కొట్టి, “శభాష్! ఎరుపు!” అనేది. ఎదురుగా పిల్ల చెప్పినా, చెప్పకపోయినా, కుర్చీ ఖాళీగా ఉన్నా ఆ శభాష్ ఆగేది కాదు.

బుజ్జి కదలకుండా చూసేది. ఏనుగుతో పాటు “శభాష్! ఎరుపు!” అనేది. మిషనక్క ఛాతీ పొంగిపోయేది. చొక్కాలకి వచ్చిన ప్రతి తల్లికీ, “మా బుజ్జికి రంగులన్నీ నోటికొచ్చు” అని కొలతలకంటే ముందు అదే చెప్పేది.

ఒకసారి తమ్ముడు తన చొక్కా పట్టుకుని అడిగాడు. “ఏ రంగే కోడలా?”

బుజ్జి అతని మొహంలోకి చూసింది. చూస్తూనే ఉంది.

“పొగరు! అచ్చం మేనమామ పోలిక,” అని వాడు మురిసిపోయాడు. ఆమె కూడా నవ్వేసి, కుడుతున్న కాలరుని సూది కింద తిప్పుకుంది. అప్పుడు తలెత్తి కూతురి కళ్ళు చూసి ఉంటే తెలిసేది. ఆ పిల్ల జవాబు వెతకడం లేదు. శభాష్ కోసం ఎదురుచూస్తోంది.

బడులు తెరిచే ముందు రోజుల్లో చొక్కాలు గుట్టలై పడ్డాయి. ఓ మధ్యాహ్నం బట్టతో పాటు వేలు కూడా సూది కిందికి పోయింది. సూది గోరులోంచి దిగి లోపలే విరిగింది. చక్రం వెనక్కి తిప్పి వేలు లాక్కుంది గానీ, రక్తం చూసి కళ్ళు బైర్లుకమ్మి బల్ల మీంచి జారి నేలమీద పడింది. నోట్లోని గుండుసూదులు గచ్చుమీద చెల్లాచెదరయ్యాయి.

“బుజ్జీ... పిన్నిని పిలువమ్మా... పిన్నిని పిలుస్తావా?”

బుజ్జి టీవీ వదిలి వచ్చి ఎదురుగా కూర్చుంది. అమ్మ మొహంలోకి చూసింది. రెప్పలు ఆడించింది. కాసేపు ఆగింది. తర్వాత చప్పట్లు కొట్టింది.

“శభాష్!”

“తల్లీ, తలుపు దగ్గరికెళ్ళి అరవమ్మా...”

“శభాష్!”

నొప్పి ఎంతుందో ఆమెకి తర్వాత గుర్తులేదు. ఆ చప్పట్లు మాత్రం మరిచిపోలేదు.

మిషను ఎంతకీ మోగకపోయేసరికి పిన్నికి మెలకువ వచ్చింది. “చచ్చావా ఏంటే, చప్పుడు లేదు?” అని తిడుతూనే వచ్చి, చూసి, తిట్టు సగంలో వదిలేసి ఆమెని లేవదీసింది.

ఆసుపత్రిలో సూదిముక్క తీసి కట్టు కట్టారు. పని ఆగింది. మొదటిసారి ఆ నోట్లో గుండుసూదులు లేవు. మిషనక్క టీవీ ఆపేసింది. బుజ్జి ఇల్లెగిరిపోయేలా ఏడ్చి, ఏడ్చి సొమ్మసిల్లి లేచింది. అప్పుడు తల్లి దారపు రీళ్ళు ఒళ్ళో పోసుకుంది.

“ఎరుపు ఏదీ?”

బుజ్జి రీళ్ళు చూడనే లేదు. లేచి వెళ్ళి చీకటి టీవీ అద్దం మీద చెయ్యి పెట్టింది. ఆ పిల్ల దృష్టిలో ఎరుపు ఉండేది అక్కడే. బయట ఉంటుందని ఎవరూ చెప్పలేదు మరి.

తల్లి పిల్లని వెనక్కి తెచ్చుకుని ఒక్కో రీలు చేతిలో పెట్టి, పేరు చెప్పి, మళ్ళీ అడిగింది. పిల్ల ఎదురుచూసింది. ఆమె కూడా పట్టుబట్టి నోరు విప్పకుండా ఎదురుచూసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నారు. చివరికి బుజ్జి పెదవి వణికింది.

“శభాష్ చెప్పు,” అంది.

ఏనుగు మాట తిప్పి అనకుండా, తల్లితో సొంతంగా ఆ పిల్ల అన్న మొదటి మాట అదే.

“నువ్వు ముందు చెప్పవే నా తల్లీ. ఎరుపు ఏదీ?”

బుజ్జి తల్లి ఒళ్ళోని రీళ్ళన్నీ పక్కకి తోసేసింది. అమ్మ వేలికట్టు మీద ఊరిన మరకని మెల్లగా తాకింది.

“ఎరుపు.”

శభాష్ అనడం మరిచి మిషనక్క పిల్లని ఒళ్ళోకి లాక్కుంది.

కట్టు విప్పకముందే చొక్కాలు మళ్ళీ మొదలయ్యాయి, తప్పుతుందా? టీవీ కూడా మళ్ళీ వెలిగింది. అయితే ఇప్పుడది మిషను పక్కన ఉంటుంది, గొంతు నొక్కేసి. ఏనుగు మూగగా నోరాడిస్తే, ఆ ప్రశ్న ఈమె టకటకల మీదుగా అరిచి అడుగుతుంది. గుండుసూదులు నోటికి బదులు కొంగుకి గుచ్చుకుంటోంది. ఏదో ఓ పూట బుజ్జి జవాబు చెబుతుంది. చాలా పూటలు ఊరికే మొహం చూస్తుంది, రెప్పలు ఆడిస్తూ. అప్పుడు పిల్ల కోసం తొక్కుడు ఆగుతుంది. పక్కింట్లో పిన్ని ఉలిక్కిపడి లేస్తుంది.